కైసో అంటే కానీ

కైసో ఒక జన్యువు పేరు. మనిషి ఎక్స్ క్రోమోజోమ్ పొడుగు చేతి మీద దాని చోటు. దాన్ని బట్టి తయారయ్యే ప్రోటీన్‌నూ అదే పేరుతో పిలుస్తారు. 672 అమైనో ఆమ్లాలున్న ఈ ప్రోటీన్ కణ కేంద్రకంలో ఉంటుంది. కొన్ని జన్యువుల వాకిట్లో అడ్డంగా కూర్చుని, వాటిని ఎవరూ చదవకుండా చూడడం దాని వృత్తి. ఇలాంటివాటికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు రిప్రెసర్.

పనేమో నోరు మూయించడం, పేరేమో పాటది. కరీబియన్ దీవుల్లో, ముఖ్యంగా ట్రినిడాడ్‌లో, కార్నివాల్ రోజుల్లో గొంతెత్తి పాడే పాటను కైసో అంటారు. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్లు లేవు అన్న సామెత కడప జిల్లా కమలాపురం వాళ్లకు ఒకరు విడమరచి చెప్పక్కర్లేదు. పాపఘ్ని వచ్చి పెన్నలో కలిసేది ఇక్కడే. రెండు నదుల పేర్లున్నాయి, ఏడాదిలో చాలా నెలలు కంటికి ఆనేది మాత్రం ఇసుకే. కైసో సంగతీ అంతేనేమో అనిపిస్తుంది మొదట. తవ్వితే మాత్రం ఈ పేరులో ఊట ఉంది.

పేరు పెట్టింది జూలియట్ డేనియల్. బార్బడోస్ దీవిలో పుట్టి, కెనడాలో చదువుకుని, అమెరికాలో ఆల్బర్ట్ రేనల్డ్స్ ప్రయోగశాలలో చేరింది. అక్కడ పీ120 కాటెనిన్ అనే ప్రోటీన్‌కు జతగాళ్లెవరని వెతుకుతుంటే ఇది దొరికింది. ఇద్దరి పేర్లతో పరిశోధన పత్రం 1999లో వచ్చింది. కాటెనిన్‌లో ఉన్నది లాటిన్ కాటేనా, అంటే గొలుసు. కణాన్ని కణానికి కట్టి ఉంచే ఏర్పాటులో అదొక భాగం. గొలుసుకు అంటుకుని దొరికిన కొత్త ప్రోటీన్‌కు ఆమె తన దీవుల పాట పేరు పెట్టుకుంది. తర్వాత కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యురాలై, అదే ప్రోటీన్‌కూ రొమ్ము క్యాన్సర్‌కూ ఉన్న లంకె మీద పనిచేస్తూ వచ్చింది.

పిలుపు పేరు కైసో. రికార్డుల్లో పేరు జెడ్‌బీటీబీ33. జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘం ఒకటుంది. అది వరస సంఖ్యలతో పేర్లిస్తుంది. ఈ రికార్డు పేరు కూడా పొడిగా ఉందని వదిలేయడానికి లేదు. అందులోని బీటీబీ మూడు ఈగ జన్యువుల పేర్ల తొలి అక్షరాలు: బ్రిక్ ఎ బ్రాక్, ట్రామ్‌ట్రాక్, బ్రాడ్ కాంప్లెక్స్. పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో మొదట కనిపెట్టారు వాటిని. బ్రిక్ ఎ బ్రాక్ అంటే ఫ్రెంచివాళ్లకు పాత సామాన్ల కొట్లో ఉండే చిల్లరమల్లర. సంఘం వారు ఎంత గంభీరంగా నామకరణం చేసినా, చిల్లరమల్లర వెనకాలే వచ్చి కూర్చుంది.

మొదటి అక్షరం జెడ్, జింక్ వేళ్లది. జింక్ పరమాణువును మధ్యలో పట్టుకుని ప్రోటీన్ గొలుసు వేలిలా మడత పడుతుంది. ఆ వేళ్లతో డీఎన్‌ఏను తడిమి, తనకు కావలసిన చోటు పోల్చుకుంటుంది. 1985లో ఆరన్ క్లూగ్ బృందం కప్ప ప్రోటీన్‌లో ఈ ఏర్పాటును గుర్తించింది. కైసోకు అలాంటి వేళ్లు మూడు. జింక్ అన్న జర్మన్ మాట జింకె నుంచి వచ్చిందని నిఘంటుకారుల ఊహ. జింకె అంటే దువ్వెన పన్ను, ముల్లు, కొన. కొనదేలిన లోహానికి ఆ పేరు వస్తే, జింక్ వేలు అనడంలో వేలు రెండుసార్లు వచ్చినట్టే. మన పాత పేరు తుత్తునాగం. ఈ తుత్తునాగమే ఓడలెక్కి, పోర్చుగీసు వర్తకుల నోట నలిగి, ఇంగ్లీషులో ట్యూటెనాగ్‌గా దిగింది.

వేళ్ల మాట వచ్చింది కనుక చేతి మాట కూడా. కైసోలోని కై కన్నడిగుల చెవికీ తమిళుల చెవికీ చేయి. మనం మాత్రం చేయి అంటాం. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు ద్రావిడ కకారం తెలుగులో చకారమైంది. కన్నడ కివి మనకు చెవి, తమిళ కిళి మనకు చిలుక, వాళ్ల కై మన చేయి. మూడు వేళ్లున్న ప్రోటీన్ పేరులో కై ఉండడం కాకతాళీయం. దాన్నుంచి ఏ సిద్ధాంతమూ లాగకుండా, నవ్వుకుని ముందుకు పోదాం.

అసలు కైసో ఎక్కడిది? ఇది తేలని తగవు. హౌసా భాషలో కైతో అనో కైచో అనో ఒక మాట ఉంది. నీ మీద ఎవరికీ జాలి లేదు పో, బాగా అయింది అనే ధోరణి మాట అది. పాటలో ఎవరినైనా ఎండగట్టినప్పుడు శ్రోతలు అలా అనేవారని కొందరి వాదం. స్పానిష్ కలిసో అని కొందరు, ఆ దీవుల ఆదివాసులైన కరీబుల కారియెతో అని కొందరు. ఎక్కువమంది మొగ్గేది ఆఫ్రికా వైపే. నైజీరియా ఆగ్నేయ మూలలో కాలబార్ చుట్టుపక్కల మాట్లాడే ఇబిబియో, ఎఫిక్ భాషల్లో కా ఇసో, కా ఇసు అనే పలుకులున్నాయి. కా అంటే పో, ఇసో అంటే ముందు. ముందుకు పో, సాగనీ, ఆపకు అని అర్థం. ఆ తీరం నుంచి బానిసలుగా ఓడలకెక్కిన వారు సామాను తీసుకుపోలేదు, ఇలాంటి మాటలు తీసుకుపోయారు.

ఆ దీవులకు మన మాట కూడా ఒకటి చేరింది. 1845లో ఫాతెల్ రజాక్ ఓడ కలకత్తా నుంచి ట్రినిడాడ్‌కు మొదటి భారతీయ ఒప్పంద కూలీలను దించింది. తర్వాత మద్రాసు రేవు నుంచీ ఓడలు పోయాయి. వాటిలో ఎక్కిన తమిళులకూ తెలుగువారికీ అక్కడ ఉమ్మడి పేరు మద్రాసీలు. పనికి ఇచ్చే డబ్బు మన భాషల్లో కూలి. పరాయి నోట అది పనిచేసే మనిషి పేరై, ఆ తర్వాత తిట్టయింది. కూలి డబ్బుల్లో కోత సంగతి ఆ రోజుల్లో అందరూ ఎరిగిందే. మాట మర్యాదకు కూడా కోత పడింది.

కైసోకు మాత్రం మర్యాద పెరిగింది. మొదట అది పాట పేరు కూడా కాకపోవచ్చు. పాటగాడు ఒక చురుకైన చరణం విసిరితే జనం వేసిన కేక. కైసో, అంటే ఇంకా సాగనీ! శ్రోతల కేకే పాటకు పేరుగా నిలిచింది. మన పద్యనాటకాల్లో కృష్ణుడు రాగం తీసి పద్యం ముగించగానే వన్స్ మోర్ అని అరుస్తారు. అంతకు ముందు తరాల వారు శభాష్ అనేవారు. అది పారసీకం, షాద్ బాష్, సంతోషంగా ఉండు అన్న దీవెన. కడప వైపు ఊళ్లలో చెక్కభజన కట్టినప్పుడు అరుగు మీద కూర్చున్న పెద్దాయన వేసే కేక మరొకటి: కానీప్పా! ఆగకు, కానీ. కా ఇసోకు తెలుగు కావాలంటే నిఘంటువు తిరగేయక్కర్లేదు. పో, ముందుకు, సాగనీ అన్న ముక్కలన్నీ ఈ కానీలో ఉన్నాయి.

ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ముందుకు పో అనే కేకను, ముందుకు పోనివ్వని ప్రోటీన్‌కు పెట్టారు.

ఆ చిక్కుకు ఒక విరుగుడు ఇదే పాట రెండో పేరులో ఉంది. కైసోను లోకమంతా కలిప్సో అంటుంది. ట్రినిడాడ్ నోటి మాటను కాగితం మీద పెట్టిన వారి చెవిలో గ్రీకు కావ్యం మోగి ఉంటుంది. కైసో, కలిసో కాస్తా కలిప్సో అయింది. ఆమె హోమర్ కావ్యంలోని అప్సరస. యుద్ధం ముగించుకుని ఇంటికి పోతున్న ఒడీసియస్‌ను తన దీవిలో ఏడేళ్లు దాచి పెట్టుకుంది. పేరుకు తగిన పనే. గ్రీకులో కలుప్తైన్ అంటే కప్పు, మూయు, దాచు. కలిప్సో అంటే దాచేది. ముసుగు తీయడం అపోకలుప్సిస్. బైబిల్ చివరి పుస్తకం పేరు అదే. ఆ పుస్తకంలో విషయం ప్రళయం కనుక, ముసుగు తీయడం అన్న మాటకు ఇంగ్లీషులో ప్రళయం అని అర్థం స్థిరపడిపోయింది.

ఈ కలుప్త ధాతువు మన సీమ చేలగట్ల మీద కూడా ఉంది. యూకలిప్టస్ అన్న పేరు 1788లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు లెరితియే పెట్టాడు. బాగా కప్పినది అని అర్థం. మనం జామాయిల్ అంటాం, మందుల కొట్లో నీలగిరి తైలం అంటాం. దేన్ని కప్పింది? మొగ్గను చూస్తే తెలుస్తుంది. పుష్పపత్రాలు అతుక్కుపోయి మొగ్గ కొనన చిన్న టోపీ అవుతాయి. అది బిగువుగా ఉన్నన్నాళ్లూ లోపల ఏమీ లేదన్నట్టే ఉంటుంది. రోజు వచ్చినప్పుడు టోపీ ఊడి కింద పడుతుంది, లోపల ముడుచుకుని ఉన్న కేసరాలు తెల్లని కుచ్చులా విప్పారతాయి. టోపీ ఉన్నన్నాళ్లు అది పువ్వును అణచిపెట్టిందనాలా, కాపాడిందనాలా?

కలుప్తైన్‌ను ఇంకా లోతుకు తీసుకుపోయి, కప్పు అనే అర్థమున్న ఇండో యూరోపియన్ మూలధాతువుకు ముడిపెట్టిన పండితులున్నారు. ఆ ధాతువు పిల్లల్లో లాటిన్ సెల్లా ఒకటి, చిన్న గది. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, ఆ గళ్లకు పెట్టిన సెల్ అన్న పేరు అక్కడిదే. సంస్కృత శాల కూడా ఆ కుటుంబానికే చెందుతుందంటారు. పాఠశాల, వైద్యశాల, పశువుల సాల అన్నీ కప్పు కిందివే. ఆ లెక్కన కలిప్సో, సెల్, శాల అక్కచెల్లెళ్లు. తెలుగువాడు సెల్‌ను గదిగా చూడలేదు, కణం అన్నాడు. అంటే గింజ, నలుసు. వాళ్లు కప్పును చూశారు, మనం పరిమాణాన్ని చూశాం.

ఇంతకీ కైసో అనే ఈ కప్పేవాడు కప్పేది దేన్ని? మన పాఠ్యపుస్తకాలు అనులేఖనం అంటాయి. డీఎన్‌ఏలో ఉన్నది చూసి ఆర్‌ఎన్‌ఏగా రాసుకోవడం అనులేఖనం. ఆ ఆర్‌ఎన్‌ఏ నుంచి ప్రోటీన్ కూర్చడం అనువాదం. ప్రోటీన్‌కు మన పుస్తకాలు మాంసకృత్తు అని పేరు పెట్టాయి. కందిపప్పులో మాంసకృత్తులున్నాయని చదివి ఉలిక్కిపడిన శాకాహారులు ఉండే ఉంటారు. మాంసాన్ని చేసేది అని అర్థమే తప్ప మాంసం నుంచి వచ్చేది అని కాదు. ఇక జన్యువు. 1909లో డెన్మార్క్‌లో విల్హెల్మ్ యోహాన్‌సెన్ జీన్ అన్న మాటను కత్తిరించి ఇచ్చాడు. అందులోని గ్రీకు జెన్, మన జన్ ఒకటే ధాతువు. గుర్రపు జీను వేరే కుటుంబం, అది పారసీకం. జన్యువు అన్నప్పుడు సంగీతం తెలిసినవారికి మేళకర్తల్లోంచి పుట్టిన జన్యరాగాలు గుర్తుకొస్తే అది సరైన బంధుత్వమే.

లేఖనం, అనువాదం, ప్రతి, సంకేతం. జీవశాస్త్రం తన మాటలను రాయసకాళ్ల దగ్గర అప్పు తెచ్చుకుంది. రాయసకాళ్ల సంగతి కడప జిల్లాకు కొత్త కాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులనూ లేఖకులనూ పెట్టి తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. అంతకు పన్నెండు వందల ఏళ్ల పైమాటే, రేనాటి చోళుల రాతలు ఇక్కడే పుట్టాయి. శాసన సంపుటాల్లో వాటి చిరునామా చూడండి: కమలాపురం తాలూకా కలమళ్ల, కమలాపురం తాలూకా ఎర్రగుడిపాడు. తాలూకాలు పోయి మండలాలు వచ్చాక కలమళ్ల ఎర్రగుంట్ల మండలంలోకి పోయింది. సుమారు 575 నాటి కలమళ్ల శాసనం మనకు తెలిసినంతలో తొలి తెలుగు శాసనం. తెలుగు రాయి మీదికి ఎక్కింది పాత కమలాపురం తాలూకాలో.

ఆ శాసనంలో రేనాడు ఉంది, ఏలడం ఉంది. ఆ కాలపు లిపిలో మాత్రం ఎ, ఏలకు వేర్వేరు గుర్తులు లేవు. సంస్కృత ప్రాకృతాల కోసం పుట్టిన లిపి అది. హ్రస్వ ఎకారానికి వేరే గుర్తు కావాలన్న ఆలోచన ఆ లిపి పెట్టినవారికి రాలేదు. చెక్కినవాడు ఒకే గుర్తు చెక్కాడు. అక్కడ దీర్ఘం ఉందో లేదో చదివేవాడు భాష తెలిసి పూరించుకోవాలి. అక్షరం కనిపిస్తుంది, అక్షరం మీది గుర్తు కనిపించదు.

డీఎన్‌ఏ చదివేవారికీ ఇదే అవస్థ. 2003లో పూర్తయిందని ప్రకటించిన మానవ జన్యుపటంలో దాదాపు 300 కోట్ల అక్షరాలున్నాయి, నాలుగే నాలుగు అక్షరాల లిపిలో. ఆ నాలుగింటిలో సి అనే అక్షరం, అంటే సైటోసిన్, మీద ఒక్కోచోట చిన్న గుర్తు పడుతుంది: ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు, మిథైల్. మామూలుగా చదివితే ఆ గుర్తు కనిపించదు, సి ఉత్త సిగానే వస్తుంది. 1992లో సిడ్నీలోని శాస్త్రజ్ఞులు బైసల్ఫైట్ అనే రసాయనంతో దాన్ని కంటికి తెచ్చే పద్ధతి కనుక్కున్నారు. గుర్తు లేని సి ఆ రసాయనం దెబ్బకు మారిపోతుంది. గుర్తున్న సి నిలబడుతుంది. ఏ సి నిలిచిందో చూసి గుర్తు ఎక్కడుందో తేలుస్తారు.

మిథైల్ అన్న మాట మీద ఒక్క నిమిషం ఆగాలి. 1834లో డ్యూమా, పెలిగో అనే ఇద్దరు ఫ్రెంచి రసాయనజ్ఞులు కట్టెను బట్టీపెట్టి తీసిన సారాకు గ్రీకులో పేరు వెతికారు. మెథు అంటే మద్యం, హూలే అంటే కట్టె. ఆ మెథు మన మధువే. తేనె అన్నా, కల్లు అన్నా, వసంతం అన్నా సరిపోయే మన మధువు, రసాయనశాలలో కట్టెసారాయై, చివరికి డీఎన్‌ఏ అక్షరం మీద చుక్కయి కూర్చుంది. కైసో వాలేది ఆ మధువు మీద. 2001లో ప్రొఖోర్చుక్ బృందం చూపించింది ఇదే: పక్కపక్కన సి, జి అక్షరాలుండి, ఆ సిల మీద మిథైల్ పడి ఉంటే, కైసో తన జింక్ వేళ్లతో అక్కడ పట్టు బిగిస్తుంది. మిథైల్ లేకున్నా కైసో గుర్తుపట్టే మరో అక్షరవరస ఉంది. పట్టు దొరికాక అది ఒంటరిగా పనిచేయదు. ఎన్‌కోర్ లాంటి సహాయ ప్రోటీన్లను పిలుచుకుంటుంది, అవి ఆ చోట డీఎన్‌ఏ చుట్టలను ఇంకా బిగిస్తాయి. రాయసకాడు వచ్చినా చదవడానికి సందు ఉండదు.

మీద పడిన చిన్న గుర్తుతో చదవదగ్గది చదవరానిదవుతుంది. దీనికి తెలుగులో సరితూగేది మన దీర్ఘం. చదవని అంటే చదవబడనిది, చదవనివాడు. చదవనీ అంటే చదవడానికి వీలివ్వు. ఒకటి నిషేధం, రెండోది అనుమతి. రాని చుట్టం ఇంటికి రాడు, రానీ అంటే తలుపు తీసినట్టు. పోని ప్రాణం పోదు, పోనీ అంటే వదిలేసినట్టు. కాని పని జరగదు, కానీ అంటే జరిగిపోతుంది. మధ్యలో ఉన్నది గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య ఉన్నంత తేడా.

వ్యాకరణం దారిలో చూస్తే ఇవి రెండు వేర్వేరు మాటలు, సంధి కాడ పోలికలు కలిశాయి. చదవనిలో ఉన్నది వ్యతిరేకార్థం. చదవనీలో చదవన్ అన్న తుమున్నంత రూపం మీద ఇచ్చు అన్న క్రియ వచ్చి చేరింది: చదవనిచ్చు, చదవనిమ్ము, చదవనీ. చివరి దీర్ఘంలో ఒక దానం ఉంది. దాతృత్వానికి పాత తెలుగు మాట ఈవి. ఆ ఈ, ఈ ఈ ఒకటే. అంటే తెలుగులో అనుమతించడం అంటే ఇవ్వడం. గుర్తు పడితే మన భాషలో తలుపు తెరుచుకుంటుంది, కణంలో ఎక్కువసార్లు మూసుకుంటుంది. దిశ తిరగబడినా సూత్రం ఒకటే: అక్షరం మారలేదు, గుర్తు మారింది, ఆజ్ఞ తలకిందులైంది.

మరి రిప్రెసర్‌ను తెలుగులో ఏమనాలి? 1961లో ఫ్రాంసువా జకోబ్, జాక్ మొనో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు సూక్ష్మజీవుల్లో జన్యువుల నియంత్రణ ఎలా జరుగుతుందో చెప్పినప్పుడు ఈ మాట స్థిరపడింది. నిరోధకం అనవచ్చు, మన పుస్తకాల్లో అలా కనిపిస్తుంది. నిరోధానికి ఒక తలనొప్పి ఉంది. పతంజలి యోగసూత్రాల రెండో సూత్రంలో గౌరవంగా కూర్చున్న ఆ మాటను 1960ల చివర్లో ప్రభుత్వం కుటుంబ నియంత్రణ తొడుగుకు పెట్టింది. అప్పటినుంచి తరగతి గదిలో ఆ మాట వినిపిస్తే వెనక బెంచీలో నవ్వు ఖాయం. దమనకం అందామంటే పంచతంత్రంలో నక్క గుర్తొస్తుంది.

అణచు అన్నది మన సొంత మాట. దానికి దినపత్రికల్లో చెడ్డ పేరు వచ్చింది. అణచివేత అంటే లాఠీ, బూటు. అణగు, అణచు అన్న జంటకే మరో సంతానం ఉంది, అణకువ. అణకువ గల పిల్ల అని మెచ్చుకునే పెద్దలు అణచివేతను ఖండిస్తారు. రెండూ ఒకే కడుపున పుట్టాయని వారికి ఎవరూ చెప్పలేదు. అణకువ పేరు చెప్పి ఇళ్లలో ఎంత అణచివేత జరిగిందో, అది వేరే వ్యాసం. కణం వరకు చూస్తే ఈ రెండు అర్థాలూ అవసరమే. కాలేయ కణంలోనూ మెదడు కణంలోనూ ఉన్నది ఒకటే గ్రంథం. ఏ పుటలు చదవకూడదో తెలిసి ఉండడం వల్లే ఇది కాలేయం, అది మెదడు. కణానికి తన వ్యక్తిత్వం చదివిన దానివల్ల ఎంత వచ్చిందో చదవకుండా వదిలిన దానివల్ల కూడా అంతే వచ్చింది.

అలాగని కైసోకు లేనిపోని గొప్ప కట్టబెట్టడమూ సరికాదు. 2006లో కైసో జన్యువు లేని ఎలుకలను పుట్టించి చూశారు. అవి మామూలుగానే పుట్టి పెరిగాయి. తేడా మరోచోట కనిపించింది. పేగులో కణితులు వచ్చే జాతి ఎలుకల్లో కైసో లేకుండా చేస్తే కణితులు ఆలస్యంగా వచ్చాయి. ఆపేవాణ్ని తీసేస్తే రోగం నెమ్మదించింది. అంటే వాడు ఆపుతున్నవాటిలో కణితిని అడ్డుకోవాల్సినవి కూడా ఉండి ఉండాలి.

ఇంకో వింత అంతకు రెండేళ్ల ముందే బయటపడింది. నరం కండరాన్ని తాకే చోట పనికివచ్చే రాప్సిన్ అనే ప్రోటీన్ ఉంది. ఆ జన్యువు వాకిట్లో కైసో కూర్చుంటే అది మూగబోలేదు, గొంతు పెంచింది. అక్కడ కైసోకు తోడు డెల్టా కాటెనిన్, అదీ గొలుసు కుటుంబానిదే. రిప్రెసర్ అని పేరు రాసుకున్న ప్రోటీన్ ఒకచోట ప్రోత్సాహకుడైంది. తోడెవరు, చోటేది అన్నదాన్ని బట్టి ఆపడమో సాగనివ్వడమో తేలుతుంది. జూలియట్ డేనియల్ 1999లో ఈ పేరు పెట్టేనాటికి ఈ సంగతులేవీ తెలియవు. పాటను ప్రేమించి పెట్టిన పేరు, దాచేది అన్న అర్థాన్నీ సాగనీ అన్న అర్థాన్నీ రెండు జేబుల్లో పెట్టుకుని వచ్చింది. ప్రోటీన్‌కు రెండూ సరిపోయాయి. సంఘం ఇచ్చిన 33 అన్న అంకెకు ఆ అదృష్టం లేదు.

తెలుగులో ఈ రెండు అర్థాల మధ్య ఒక్క దీర్ఘమే తేడా అని పైన చూశాం. నోటి వాడుకలో ఆ తేడా కూడా అరిగిపోయింది. వాక్యం మధ్యలో వచ్చే కాని ఇప్పుడు చాలామంది నోట కానీయే. వస్తాను కానీ అన్నాడంటే రాడు. రేపే వస్తా, నువ్వు పని కానీ అన్నాడంటే సాగిపోవాలి. ఒకే ధ్వని అడ్డుకట్టా అవుతుంది, పచ్చజెండా అవుతుంది. ఏది ఎప్పుడో పక్కనున్న మాటలు చెబుతాయి. మూడో కానీ కూడా ఒకటుండేది: అణాలో నాలుగో వంతు, రూపాయిలో అరవై నాలుగో వంతు. 1943 నుంచి 1947 వరకు నడుమ చిల్లుతో అచ్చయిన కానీలను మొలతాడుకు గుచ్చుకున్న పిల్లలుండేవారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి ఆ నాణేన్ని దించేశాయి. అయినా కానీకి కొరగాడు అన్న తిట్టును ఏ ప్రభుత్వమూ రద్దు చేయలేకపోయింది.

కమలాపురంలో ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవారు చాలామంది. మన కైసోను వాళ్లకు ఏ వివరణా ఇవ్వకుండా చెప్పి చూడండి. దక్కనీ చెవికి అది కైసా. వ్రజభాషలో అయితే అచ్చంగా కైసో. అర్థం ఒకటే, ఎలా? ఇబిబియో సాగనీ అంది, గ్రీకు దాచు అంది, కమలాపురం ఎలా అని అడుగుతుంది. మూడింటిలో ప్రయోగశాలల్లో పనికొచ్చే మాట ఈ మూడోదే. ఒకే ప్రోటీన్, అవే మూడు వేళ్లతో, ఒక కణంలో చదవని అంటూ మరో కణంలో చదవనీ అనడం ఎలా? దానికి జవాబు పూర్తిగా తేలితే రొమ్ము క్యాన్సర్ వైద్యానికి ఒక దారి దొరకవచ్చు. అంతవరకు పరిశోధకులకు మనం ఇవ్వగల దీవెన రెండక్షరాలది, రెండోదానికి దీర్ఘం తప్పనిసరి: కానీ!